జెట్ స్కీకి కంపెనీ హ్యాండిల్ తీసి ఎత్తు హ్యాండిల్ వేయవచ్చా? మైలవరంలో నా అనుభవం

అన్నా, మీరు అడిగింది ఇదీ. అవుకు రిజర్వాయరులో నడుపుకోవడానికి సెకండ్ హ్యాండ్ యమహా జెట్ స్కీ (నీళ్ల మీద నడిపే బైకు లాంటి బండి) తెచ్చుకున్నారు. మీ ఎత్తు ఆరడుగుల పైనే. నిలబడి నడిపితే నడుము వంగిపోతోంది, అరగంటకే మణికట్లు లాగేస్తున్నాయి. కంపెనీ హ్యాండిల్ తీసేసి ఆఫ్‌రోడ్ బైకు హ్యాండిల్ వేసుకుంటే ప్రమాదమా అని మీ ప్రశ్న.

వేసుకోవచ్చు. నేను వేశాను. కాని హ్యాండిల్ బిగించడం ఒక పూట పని. దానితో పాటు కదిలే ఎక్సలేటర్ కేబుల్, స్విచ్చుల వైర్లు, వీటి దారి సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులు మిగుల్చుకోవాలని మాత్రం చూడకండి.

నాది ప్రొద్దుటూరు, బైకుల మెకానిక్‌ని. మా బావమరిది మైలవరం డ్యాములో బోటింగ్ కోసం ఒక యమహా వీఎక్స్ 110 కొన్నాడు. 2005లో వచ్చిన మోడల్ అది, నాలుగు సిలిండర్ల 1052 సీసీ ఫోర్ స్ట్రోక్ ఇంజను. విశాఖ వైపు సముద్రంలో తిరిగి వచ్చిన బండి. మనవి మంచినీళ్లు కదా, తుప్పు సమస్య ఉండదనుకున్నాం. పై కవరు విప్పి చూస్తే హ్యాండిల్‌ని పట్టి ఉంచే క్లాంపు బోల్టులు ఉప్పుకు కరుచుకుపోయి ఉన్నాయి. రెండు వచ్చాయి. మూడోదానికి ఎలన్‌కీ పెట్టి తిప్పితే తల అరిగిపోయింది. పక్కనున్నాయన గ్యాస్ టార్చితో వేడి చేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆ హ్యాండిల్ కిందే పెట్రోలు ట్యాంకు ఉంది. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, పైకి పోదు, బోటు అడుగునే నిలుస్తుంది. మీ బోల్టులు కూడా ఇలాగే ఉంటే నిప్పు జోలికి పోవద్దు. తుప్పు వదిలించే నూనె కొట్టి, పూటకోసారి చిన్న సుత్తితో తల మీద తడుతూ రెండు రోజులు ఆగండి. మాకు మూడో రోజు పొద్దున కదిలింది. ఏ పని మొదలుపెట్టినా ముందు సీటు తీసి కాసేపు గాలి ఆడనివ్వండి.

ఇప్పుడు అసలు విషయం. కొత్త హ్యాండిల్‌ని ఎత్తు చేయడానికి ప్రొద్దుటూరులో లేతు మిషను దగ్గర అల్యూమినియం దిమ్మెలు రెండంగుళాల ఎత్తుతో చేయించాను. బిగించాను, ఎక్సలేటర్ లీవర్ నొక్కి చూశాను, బాగానే ఉంది. నీళ్లలో దించాను. ఒడ్డు దగ్గర ఐడ్లింగులో నెమ్మదిగా కుడికి తిప్పాను. నా వేలు లీవర్ మీద లేదు. అయినా ఇంజను దానంతటదే రైజ్ అయింది, బండి ఎగిరి కట్ట రాళ్ల వైపు పోయింది. అలవాటు కొద్దీ లీవర్ వదలాలని చూశాను. వదలడానికి అక్కడ ఏమీ లేదు, కేబుల్‌ని లాగుతున్నది హ్యాండిలే. మణికట్టుకు కిల్ స్విచ్చు తాడు ఉంది కాబట్టి దాన్ని లాగి ఇంజను ఆపాను. ఆ తర్వాత హ్యాండిల్ ఎటు తిప్పినా బండి తిరగలేదు. జెట్ స్కీకి చుక్కాని ఉండదు. వెనక నాజిల్ నుంచి నీళ్లు చిమ్ముతున్నంత సేపే అది తిరుగుతుంది. ఇంజను ఆగిందంటే పోతున్న దారినే పోతుంది. వేగం తక్కువ కాబట్టి ముందు భాగం రాళ్లకు గీసుకుని ఆగింది, నాకు దెబ్బ తగల్లేదు. ఆ రోజు నేను కాక ఒక కుర్రాడో, టూరిస్టో ఎక్కి ఉంటే అన్న ఆలోచనకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

కారణం చిన్నదే. స్టీరింగ్ కడ్డీకి ఎడమ పక్క నుంచి రావలసిన కేబుల్‌ని నేను కుడి పక్క నుంచి తెచ్చాను. దానికి తోడు రెండంగుళాలు పెంచడంతో ఉన్న కాస్త లూజు కూడా అయిపోయింది. హ్యాండిల్ కుడికి తిరిగితే కేబుల్ బిగుసుకుని ఎక్సలేటర్ తెరుచుకుంది. మళ్లీ విప్పి కేబుల్‌ని పాత దారిలోనే పెట్టి, దిమ్మెలు ఒక అంగుళానికి తగ్గించాను. పొడుగు కేబుల్ దొరికితే ఎత్తు పెంచుకోవచ్చు, దొరకకపోతే కేబుల్ ఎంత ఇస్తే అంతే. నడుము ఎంత నొప్పెట్టినా సరే.

అందుకే విప్పేముందు ప్రతి కేబుల్, ప్రతి వైరు ఎటు నుంచి ఎటు పోతుందో ఫోటోలు తీసుకోండి. నేను తీసుకోలేదు. గుర్తుంటుందనుకున్నాను.

బిగించిన తర్వాత నేను ఇప్పుడు చూసే తీరు చెబుతాను. బండి ట్రాలీ మీదే ఉండాలి. ఇంజను ఆపి ఉండగానే హ్యాండిల్ పూర్తిగా ఎడమకు తిప్పి లీవర్ నొక్కి వదలండి, టక్కున వెనక్కి రావాలి. నడిమికి తెచ్చి అలాగే, కుడికి తిప్పి అలాగే. ఎక్కడైనా మెల్లగా వచ్చిందంటే ఆగిపోండి. హ్యాండిల్ నిటారుగా పెట్టి వెనక్కి పోయి చూడండి, నాజిల్ కూడా నిటారుగా ఉందా? తర్వాత ఇంజను చల్లబడడానికి నీళ్ల పైపు తగిలించి ఇంజను మీద అదే పరీక్ష. ఇక్కడ వరస ముఖ్యం. ముందు ఇంజను స్టార్ట్ చేసి తర్వాత నీళ్లు వదలాలి. ఆపేటప్పుడు ముందు నీళ్లు కట్టేసి తర్వాత ఇంజను ఆపాలి. ఇంజను తిరగకుండా నీళ్లు మాత్రం పోతుంటే అవి ఎగ్జాస్ట్ గుండా ఇంజనులోకి చేరతాయి. నీళ్ల పైపు లేకుండా 15 సెకన్లకు మించి నడపవద్దని యమహా మాన్యువల్లోనే ఉంటుంది. హ్యాండిల్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పుతున్నప్పుడు ఇంజను శబ్దం ఏమాత్రం మారకూడదు. మారిందంటే నీళ్లలో దించవద్దు.

హ్యాండిల్ ఎంపిక గురించి ఎక్కువ టెన్షన్ అక్కర్లేదు. గ్రిప్పు దగ్గర 22 మిల్లీమీటర్ల లావు ఉన్న అల్యూమినియం ఆఫ్‌రోడ్ హ్యాండిల్ తీసుకోండి. నడిమి భాగం 22 రకం, 28.6 రకం రెండూ ఉంటాయి, మీ క్లాంపు ఏదో కొలిచి కొనండి. రోడ్డు బైకు ఇనుప హ్యాండిల్ వద్దు. కోసిన చోట లోపలి నుంచి తుప్పు పడుతుంది, పైగా చివర్లు వంపు తిరిగి ఉండి లీవర్ డబ్బా, స్విచ్చులు కూర్చోవడానికి చోటు చాలదు. ఆఫ్‌రోడ్ హ్యాండిల్ సుమారు 80 సెంటీమీటర్లు ఉంటుంది, జెట్ స్కీకి కొంచెం వెడల్పే. అన్నీ బిగించి, కూర్చుని, నిలబడి చూసుకున్నాకే రెండు పక్కలా సమానంగా సెంటీమీటరు చొప్పున కోయండి. కోసింది మళ్లీ అతకదు.

గ్రిప్పులకు జిగురు పెట్టి ఒక రాత్రి ఆరనివ్వండి. సబ్బునీళ్లతో ఎక్కిస్తే తడికి మళ్లీ జారుతుంది. స్విచ్చు డబ్బా లోపల చిన్న పుల్ల లాంటిది ఉంటే దానికి సరిపడా రంధ్రం కొత్త హ్యాండిల్‌కి వేయాలి, లేకపోతే డబ్బా హ్యాండిల్ మీద తిరిగిపోతుంది. క్లాంపు బోల్టులు చేతి అంచనాతో కాకుండా మాన్యువల్ చెప్పిన కొలతకు టార్క్ రెంచితో బిగించండి. కంపెనీ హ్యాండిల్ మీద ఉండే మెత్తని కవరు అందానికి కాదు, అల మీద బండి ఎగిరినప్పుడు మీ ఛాతీ, మొహం తగిలేది అక్కడే. కొత్త హ్యాండిల్‌కి కూడా ఫోమ్ ప్యాడ్ తప్పకుండా వేయండి.

ఇంకో మాట. నేను చెప్పింది కేబుల్‌తో నడిచే పాత బండికి. మీది 2015 నుంచి వచ్చిన, యమహా రైడ్ సిస్టమ్ ఉన్న మోడల్ అయితే ఎడమ చేతికి కూడా ఒక లీవర్ ఉంటుంది, వేగం తగ్గించడానికి, వెనక్కి పోవడానికి అదే. సీ-డూ అనే ఇంకో బ్రాండు జెట్ స్కీల్లో ఐబీఆర్ (బ్రేకు, రివర్సు కలిపిన ఏర్పాటు) లీవర్ కూడా అలాంటిదే. అలాంటి బండికి ఈ హ్యాండిల్ పని ఇంట్లో చేయమని నేను చెప్పను. ఆ మోడల్ కోసమే చేసిన కిట్ తెప్పించుకోండి.

మీ బండి మోడల్ ఏది, ఏ సంవత్సరం అన్నది ఇక్కడ రాయండి. పై కవరు తీసి స్టీరింగ్ కడ్డీ దగ్గర రెండు పక్కల నుంచి ఫోటో పెట్టండి. కేబుల్ ఎంత లూజు ఉందో చూసి, అంగుళం పెంచవచ్చో రెండు పెంచవచ్చో చెబుతాను. అంతవరకు దిమ్మెలు చేయించకండి.