ఓట్లు ఎక్కువొచ్చినా హిల్లరీ ఎలా ఓడారంటే...

2016 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఓట్లు ఎక్కువొచ్చిన డెమోక్రాట్ హిల్లరీ క్లింటన్ రిపబ్లికన్ ట్రంప్ చేతిలో ఎలా ఓడిపోయారు, న్యూజెర్సీ రాష్ట్రం ఎడిసన్‌లో ఉన్న మా బావ ఓటు దండగేనా అని కదండీ మీరడిగింది.

అక్కడ లెక్క రాష్ట్రాలవారీగా ఉంటుంది. ఒక్కో రాష్ట్రానికి ఇన్నని అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఓట్ల కోటా ఉంటుంది, వాటినే ఎలక్టోరల్ ఓట్లంటారు. అవి మొత్తం 538, అందులో 270 వస్తే గెలిచినట్టు. మెయిన్, నెబ్రాస్కా మినహా ఎక్కడైనా ఒక్క ఓటు ఆధిక్యం చాలు, ఆ రాష్ట్రం కోటా మొత్తం వాళ్లకే. మన దగ్గర ఎంపీ లక్షల మెజారిటీతో గెలిచినా పార్టీ ఖాతాలో పడేది ఒక్క సీటే కదా, అలాగన్నమాట. కాలిఫోర్నియాలో హిల్లరీకి 40 లక్షల పైచిలుకు మెజారిటీ వచ్చింది. దక్కినవి మాత్రం అప్పటి కోటా 55 ఎలక్టోరల్ ఓట్లే. అటు ట్రంప్ మిషిగన్‌ని 11 వేల లోపు, విస్కాన్సిన్‌ని 23 వేల లోపు, పెన్సిల్వేనియాని 45 వేల లోపు తేడాతో ఎగరేసుకుపోయారు. ఆ మూడింటి 46 ఎలక్టోరల్ ఓట్లు అటుదిటైతే ఫలితమే తారుమారయ్యేది.

ఇక మీ బావగారి సంగతి. అధ్యక్ష ఎన్నికల్లో న్యూజెర్సీ 1992 నుంచీ డెమోక్రాట్లదే, అందుకే అభ్యర్థులు అటు పెద్దగా తొంగిచూడరు. డెలావేర్ నది దాటితే పెన్సిల్వేనియా, అక్కడ టీవీ పెడితే చాలు ప్రచారమే! (ఆ గోల లేకపోవడం ఒకందుకు నయమే.) కానీ ప్రతినిధుల సభకూ, స్థానిక పదవులకూ ఓటు పడేది అదే బ్యాలెట్‌ మీద. అక్కడ ఆయన ఓటుకి ఈ చిక్కు లేదు, వేయమనండి.