కర్సరీ అంటే తిట్టు కాదండీ

పొందూరు నుంచి అడిగిన మిత్రులకు: మీ ఫైలు మీద ‘ఓన్లీ ఎ కర్సరీ ఇన్‌స్పెక్షన్’ అని రాశారని, అది ‘కర్స్’ అంటే శాపం నుంచి వచ్చిందేమోనని టెన్షన్ పడుతున్నారు. ఈ మాటలో శాపం ఊసే లేదు. తనిఖీ పైపైన, హడావిడిగా జరిగిందని మాత్రమే దాని అర్థం. పొగడ్త కాదులెండి.

లాటిన్‌లో ‘కుర్రెరె’ అంటే పరుగెత్తడం, ‘కుర్సోర్’ అంటే పరుగెత్తేవాడు. అక్కడి నుంచి కర్సరీ సుమారు 1600 నాటికి ఇంగ్లిషులోకి చేరింది. కంప్యూటర్ తెరమీది కర్సర్, కలిపిరాత కర్సివ్ కూడా ఆ ఇంటివే.

దీన్ని పర్‌ఫంక్టరీతో కలపకండి. అది మన ‘తూతూమంత్రం’, మనసు పెట్టకపోవడం. కర్సరీలో తొందరే ముఖ్యం. రథసప్తమి నాడు అరసవల్లిలో వెనకనుంచి తోసేస్తుంటే స్వామిని చూసేది కర్సరీగానే, భక్తి లేక కాదు కదా! మీ పైఅధికారి తొందరనే తప్పుపట్టారు, శ్రద్ధ లేదనలేదు. నా మాట వింటే సంజాయిషీ రాయకండి. మళ్లీ తనిఖీ చేసి, ఏమేం చూశారో తేదీతో సహా వివరంగా రాసి పంపండి.