డబుల్ గ్లేజింగ్ (రెండు పొరల) అద్దాల మధ్య ఏరోజెల్ నింపితే కిటికీ పారదర్శకంగా ఉంటుందా?

ఉండదు. ఏరోజెల్ అంటే అతిసన్నని రంధ్రాలతో నిండిన, వేడిని ఆపే తేలికపాటి ఘనపదార్థం; దాని గుళికలు నింపిన కిటికీలోంచి వెలుతురు మెత్తగా పరుచుకుని వస్తుంది గానీ బయటి దృశ్యం కనిపించదు. అందుకే దీన్ని ఎక్కువగా పైకప్పు కిటికీలకు, ఎత్తైన గోడలకు వాడతారు.

సిలికా ఏరోజెల్ రంధ్రాలు సుమారు 20–40 నానోమీటర్లే. గాలి అణువు ఇంకో అణువును ఢీకొనాలంటే సగటున 70 నానోమీటర్లు పోవాలి. అంత చోటు లేక రంధ్రం గోడకే తగులుతుంది, వేడిని పక్క అణువుకు అందించలేదు. గాలి సుళ్లూ తిరగవు. మామూలు డబుల్ గ్లేజింగ్‌లో ఖాళీ 16 మి.మీ. దాటితే ఆ సుళ్ల వల్లే అదనపు లాభం ఉండదు. ఏరోజెల్‌తో మందం పెంచేకొద్దీ లాభమే.

30 మి.మీ. నింపితే యూ-విలువ (కిటికీ గుండా వేడి ఎంత పోతుందో చెప్పే కొలత; తక్కువైతే మేలు) సుమారు 0.6కు దిగుతుంది.

చాలామంది పొరబడేది ఇక్కడే: ఉన్న 16 మి.మీ. ఖాళీలో ఏరోజెల్ పోస్తే చాలనుకుంటారు. అప్పుడు యూ-విలువ 1.0 దగ్గర ఆగుతుంది. వేడిని తిప్పికొట్టే లో-ఈ పూత, ఆర్గాన్ వాయువు ఉన్న మామూలు రెండద్దాల యూనిట్ 1.1 ఇస్తుంది, పైగా దృశ్యం పోదు. ఇంత చిన్న తేడాకు ఆ ఖర్చు దండగ.

నింపేటప్పుడు యూనిట్‌ను నిలబెట్టి, కంపింపజేస్తూ దట్టంగా కూరాలి. లేకపోతే గుళికలు కుంగి, పైన ఏర్పడిన ఖాళీ పట్టీ గుండా వేడి జారిపోతుంది.