మనిషిని చూడగానే తెలిసిపోతుందా, చిన్నా?

చిరంజీవి చిన్నాకి, మేనత్త ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్ చేసి, నీకు మేనేజర్‌గా ప్రమోషన్ వచ్చిందని, పద్నాలుగు మంది నీ కింద పనిచేస్తారని, ఇంటర్వ్యూలూ ఏడాది చివరి రేటింగులూ ఇక నీ చేతి మీదుగానే జరుగుతాయని చెప్పింది. ఫోన్ పెట్టేశాక దేవుడి దగ్గర దీపం వెలిగించి కాసేపు అక్కడే కూర్చుండిపోయాను. జేబునిండా గోళీలు వేసుకుని నా వెనకాల తిరిగిన పిల్లాడివి! పక్కింటి వాళ్లకీ, పాలబ్బాయికీ కూడా చెప్పాను.

కానీ ఆదివారం నువ్వు మాట్లాడినప్పుడు ఒక మాటన్నావు. శ్రీకాకుళం నుంచి ఒకమ్మాయి ఇంటర్వ్యూకి వచ్చిందనీ, టెస్టు బాగానే చేసిందనీ, "ఎందుకో మా టీమ్‌కి సెట్ అవుతుందనిపించలేదత్తా" అనీ అన్నావు. ఎందుకురా అంటే "నాకు మనిషిని చూడగానే తెలిసిపోతుంది, ఐదు నిమిషాలు చాలు" అన్నావు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అచ్చం అదే మాట నేనూ అనేదాన్ని. ఇరవై ఏళ్లు అన్నాను.

అందరినీ మర్యాదగా పలకరించు, ఇంటర్వ్యూలో ఆడపిల్లల్ని పెళ్లెప్పుడని అడగకు, కులం కూపీలు లాగకు. ఇవి నీకు చెప్పక్కర్లేదు. నువ్వు తెలిసి ఎవరికీ అన్యాయం చేసే రకం కాదు. నేనూ కాదు. నా భయం తెలియకుండా జరిగే దాని గురించే.

నేను తెనాలి నుంచి హైదరాబాద్ వెళ్లింది 1983లో, ప్రభుత్వ రంగ సంస్థలో అకౌంట్స్ క్లర్కుగా. చిక్కడపల్లిలో హాస్టల్. పన్నెండేళ్లకి సెక్షన్ ఆఫీసర్‌నయ్యాను. నా కింద తొమ్మిది మంది. ఏటా వాళ్ల సి.ఆర్.లు, అంటే కాన్ఫిడెన్షియల్ రిపోర్టులు, నేనే రాయాలి. అవుట్‌స్టాండింగ్, వెరీ గుడ్, గుడ్, యావరేజ్. పైన ప్రమోషన్ కమిటీ ఆ మాటల్నే చూస్తుంది. మా దగ్గర ప్రమోషన్‌కి "వెరీ గుడ్" ఉండాలి. బాగా చెడ్డగా రాస్తేనే ఆ సంగతి ఉద్యోగికి చెప్పేవాళ్లు. "గుడ్" అని రాస్తే చెప్పరు. వినడానికి మంచి మాటే కదా అనిపిస్తుంది, కానీ అదే మనిషిని ఆపేస్తుంది, ఆగిపోయినవాడికి ఎందుకు ఆగాడో తెలియదు.

ఆ తొమ్మిది మందిలో జనగామ వైపు నుంచి వచ్చిన కుర్రాడు ఒకడు. సన్నగా, ఎప్పుడూ అదే నీలం చొక్కా. ఇంకొకడు మన తెనాలి పక్క ఊరివాడే. మాట మాటకీ "అండీ" అనేవాడు. వాడు నా టేబుల్ దగ్గరకొస్తే నాకు మా ఇంటి వసారాలో కూర్చున్నట్టుండేది. జనగామ అబ్బాయి వస్తే నా చెయ్యి తనంతట తనే ముందున్న ఫైలు మూసేసేది. అది నేను అప్పట్లో గమనించుకోలేదు. ఆ యాస వింటే నాకు మొరటుగా అనిపించేది. ఆ రోజుల్లో సినిమాల్లో ఆ యాస రౌడీలకీ కామెడీ వేషాలకీ పెట్టేవాళ్లు. మేమూ ఆఫీసు క్యాంటీన్‌లో దాన్ని అనుకరించి నవ్వుకున్నవాళ్లమే. ఎదుట కూర్చున్నవాళ్లకి ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

1997 మార్చి నెలాఖరు. రెండు పుస్తకాల మధ్య 4,500 రూపాయల తేడా. రెండు రోజులు వెతికాం, దొరకలేదు. నాకు తలనొప్పి, పైనుంచి ఫోన్లు. ఆ అబ్బాయి వచ్చి నిలబడి, "మేడం, ఈ తేడా తొమ్మిదితోని తెగుతున్నది. యాడనో అంకెలు ఉల్టా పడ్డయ్" అన్నాడు. అకౌంట్స్‌లో అది పాత కిటుకే, అంకెలు తారుమారైతే వచ్చే తేడా తొమ్మిదితో నిశ్శేషంగా పోతుంది. కానీ ఆ టెన్షన్‌లో మా ఎవరికీ తట్టలేదు. పావుగంటలో పట్టేశాడు. 7,250 వోచరు పుస్తకంలో 2,750గా ఎక్కింది. ఎక్కించింది మన తెనాలి కుర్రాడే.

నేనేం చేశానో తెలుసా? తెనాలి వాడితో "అలసిపోయావు, ఇంటికెళ్లి పడుకో నాన్నా" అన్నాను. జనగామ అబ్బాయితో "ముందే చెప్పచ్చుగా" అన్నాను. తర్వాత నెలలో సి.ఆర్.లు రాశాను. తెనాలి అబ్బాయికి "వెరీ గుడ్". జనగామ అబ్బాయికి "గుడ్", దాని కింద "మాటతీరు మెరుగుపడాలి" అని ఒక ముక్క. రాస్తున్నప్పుడు నా మనసులో ఏ కల్మషమూ లేదు చిన్నా. నిజాయితీగా రాస్తున్నాననే అనుకున్నాను. మరుసటేడాదీ అదే రాశాను.

ప్రమోషన్ లిస్టు వచ్చిన రోజు అతను నా దగ్గరకొచ్చాడు. కోపం లేదు. "నేను యాడ తక్కువైన మేడం? జెర చెప్పుండ్రి, దిద్దుకుంట" అన్నాడు. నేను టేబుల్ మీది పేపర్ వెయిట్ అటూ ఇటూ తిప్పుతూ, ఈసారి పోస్టులు తక్కువయ్యా అన్నాను. తలూపి వెళ్లిపోయాడు. నాలుగేళ్లు వెనకబడ్డాడు. ఆ తర్వాత జీతంలోనూ, రేపు పెన్షన్‌లోనూ ఆ నాలుగేళ్ల తేడా అతని వెంటే నడుస్తుంది.

2004లో నన్ను అడ్మినిస్ట్రేషన్‌కి మార్చారు. పాత సి.ఆర్.ల బీరువా తాళాలు నా చేతికొచ్చాయి. ఒక మధ్యాహ్నం ఆ ఇద్దరి ఫైళ్లూ పక్కపక్కన పెట్టి చూశాను. నా చేతిరాతే. ఇద్దరూ తక్కువ మాట్లాడేవాళ్లే. ఒకడికి "నెమ్మదస్తుడు" అని రాశాను, ఇంకొకడికి "చొరవ లేదు" అని రాశాను. ఇద్దరూ పనిలో సందేహాలు అడిగేవాళ్లే. ఒకడికి "నేర్చుకోవాలనే తపన", ఇంకొకడికి "పదేపదే చెప్పాల్సి వస్తుంది". నా కాళ్లు వణికాయి. బీరువా పట్టుకుని నిలబడ్డాను.

2008లో దేవ్‌దత్ అనే ఉద్యోగి కేసులో సుప్రీంకోర్టు, ఏ రేటింగ్ ఇచ్చినా ఉద్యోగికి తెలియజేయాల్సిందేనని తీర్పు చెప్పింది. ఆయనకూ ఒక ఏడాది "గుడ్" అన్న ముక్కే అడ్డుపడిందని పేపర్లో చదివి, పేపర్ మడిచి పెట్టేశాను. ఇంకో రెండేళ్లకి తెలంగాణ ఉద్యమంలో, మా యాసను ఎక్కిరించిండ్రు అని జనం టీవీల్లో చెబుతుంటే ఆఫీసులో మనవాళ్లు చిరాకుపడ్డారు. నేను మాత్రం తలెత్తలేకపోయాను.

మీ ఆఫీసులో ఎమోషనల్ ఇంటెలిజెన్స్ మీద రెండు రోజులు క్లాసు పెట్టారన్నావు. దాన్ని నవ్వుతూ మాట్లాడటంగా, ఎవరినీ నొప్పించకపోవటంగా తీసుకుంటే నీ చెవి మెలిపెడతాను. నేనూ ఎవరినీ నొప్పించలేదు. 1990లో పీటర్ సలోవే, జాన్ మేయర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆ ఆలోచనకి రూపం ఇచ్చినప్పుడే చెప్పారు: మన భావాల్నీ ఎదుటివాళ్ల భావాల్నీ గమనించాలి, ఏది ఏదో విడదీసుకోవాలి, ఆ ఎరుకతో ఆలోచించి నడుచుకోవాలి. నాకు ఆ విడదీసుకోవడమే చేతకాలేదు. నాకు కలిగింది చిరాకు. దానికి నేను పెట్టిన పేరు "అతని మాటతీరు". నాకు కలిగింది ముచ్చట. దానికి పెట్టిన పేరు "వినయం". మనలో పుట్టినదాన్ని ఎదుటివాడి గుణంగా రాసేస్తాం చిన్నా, పొరపాటంతా అక్కడే.

మహజరీన్ బానాజీ అని ఒకావిడ ఉంది. మన సికిందరాబాద్‌లో పుట్టి, నిజాం కాలేజీలోనూ ఉస్మానియాలోనూ చదివి, హార్వర్డ్‌లో సైకాలజీ ప్రొఫెసర్ అయింది. 1998లో ఇంకో ఇద్దరితో కలిసి ఒక పరీక్షని ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో పెట్టింది. రెండు మాటల్ని జతచెయ్యడానికి మనకి ఎంతసేపు పడుతుందో సెకనులో వెయ్యో వంతుల్లో కొలుస్తుంది. మనసు దేన్ని దేనితో తేలిగ్గా ముడిపెడుతుందో అందులో బయటపడుతుంది. ఆవిడే ఆ పరీక్ష చేసుకుని, తనకి నచ్చని ఫలితం చూశానని చెప్పుకుంది. అలాగని ఆ పరీక్షలో వచ్చిన మార్కు పట్టుకుని నువ్వు మంచివాడివో కాదో తేల్చుకోకు, ఒకే మనిషికి ఇవాళ ఒకలా రేపు ఒకలా వస్తుంది. ఆవిడకే తప్పలేదని గుర్తుంచుకో, చాలు.

ఇక నువ్వు చెయ్యాల్సింది. మనసు "ఎందుకో" అనగానే ఆగు. ఆ క్షణంలో నీ ఒంట్లో ఏం జరుగుతోందో చూసుకో. దవడ బిగుసుకుందా, గడియారం వైపు చూస్తున్నావా, లేక చుట్టం కనిపించినట్టు ముందుకు వంగావా? అది చిరాకో, జాలో, ముచ్చటో ఒక్క మాటలో నోట్‌బుక్‌లో రాసుకో. తర్వాత నన్ను నేను అడగాల్సిన ప్రశ్న నువ్వు అడుగు: ఇదే పని మనవాడు చేస్తే నేను ఏ మాట వాడేవాణ్ని?

డేనియల్ కాహ్నెమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ల వయసులో ఇజ్రాయెల్ సైన్యానికి ఇంటర్వ్యూ పద్ధతి తయారుచేశాడు. అందరికీ అవే ప్రశ్నలు, ఒక్కో గుణానికి విడిగా మార్కు, ఒకటి వేశాకే ఇంకోదానికి వెళ్లాలి. ఇంటర్వ్యూ చేసేవాళ్లు మేమేం మరబొమ్మలమా అని గోల పెడితే, అన్ని మార్కులూ వేశాక చివర్లో కళ్లు మూసుకుని మీ మనసుకి ఏమనిపించిందో దానికీ ఒక మార్కు వెయ్యమన్నాడు. అలా చివర్లో వేసిన మార్కు కూడా బాగానే పనికొచ్చింది. కాబట్టి మనసు మాట వినద్దని నేను చెప్పను. దాన్ని చివర్లో మాట్లాడనివ్వు.

ఇంటిపేర్ల దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండు. "మీదే ఊరండీ" అని మొదలుపెట్టి ఇంటిపేరు దాకా వెళ్లి ఆగడం మనవాళ్లకి అలవాటు. 2007లో థోరట్, అటెవెల్ అనే ఇద్దరు మనదేశంలో ప్రైవేటు ఉద్యోగాలకి ఒకే అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి పంపిన దరఖాస్తుల మీద చేసిన పరిశోధన అచ్చయింది. అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే పిలుపొచ్చే అవకాశం దళిత పేరుకి దాదాపు మూడింట రెండు వంతులు, ముస్లిం పేరుకి మూడో వంతు. ఆ దరఖాస్తులు పక్కన పెట్టినవాళ్లంతా దుర్మార్గులని నేననుకోను. నాలాంటివాళ్లే ఎక్కువమంది ఉండి ఉంటారు. మొదటి వడపోతలో పేర్లు కనబడకుండా పెట్టమని మీ హెచ్.ఆర్. వాళ్లని అడుగు.

జాలి గురించి కూడా చెప్పాలి. 1989లో మీ బావ పుట్టాక మూడు నెలలకి నేను డ్యూటీలో చేరితే, మా ఆఫీసర్ "పాపం, చంటిబిడ్డ తల్లి" అని ఆడిట్ టూర్ల నుంచి నా పేరు తీసేశాడు. చాలా మంచాయన. నన్ను అడగనే లేదు. ఆ టూర్లు లేనందుకే నేను ఆఫీసర్ కావడానికి అన్నేళ్లు పట్టింది. ఇప్పుడు చట్టం 2017 నుంచి 26 వారాల సెలవిస్తోంది. మీ టీమ్‌లో ఇద్దరు సెలవులో వెళ్తున్నారన్నావు. వాళ్లు తిరిగొచ్చినప్పుడు తేలిక పని ఇచ్చి మేలు చేశాననుకోకు నాన్నా. వాళ్లనే అడుగు, ఏది కావాలంటే అదివ్వు.

ఎక్కువ తిట్టానా? నీకు కాక ఎవరికి చెప్పుకోను!

రెండేళ్ల కిందట అతని కూతురి పెళ్లికి జనగామ వెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లాను. "మేడం వచ్చిండ్రు, మేడం వచ్చిండ్రు" అని బంధువులందరికీ పరిచయం చేసి, దగ్గరుండి వడ్డించాడు. నోరు రాలేదు. భోంచేసి, బట్టలు పెట్టి వచ్చేశాను.

సోమవారం లోపల ఆ శ్రీకాకుళం అమ్మాయి టెస్టు పేపర్ మళ్లీ తెరిచి చూడు. పేరు చూడకుండా, ఆ అమ్మాయి గొంతు గుర్తు తెచ్చుకోకుండా చూడు. వీలైతే ఆమె ఊరేదో తెలియని వాళ్లెవరికైనా ఇచ్చి చూడమను. ఏం తేలినా నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రైనా సరే. నువ్వు చేశాక నేను జనగామకి చేస్తాను. నంబరు నా దగ్గర ఉంది.

ఇట్లు,
మీ అత్త