అమ్మాయి మెమరీ అలొకేటర్ రాస్తానంటే రాయనివ్వండి

ప్రశ్న: మా అమ్మాయి హన్మకొండలో బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం చదువుతోంది. ఫైనలియర్ ప్రాజెక్టుగా మల్టీథ్రెడ్ (ఒకేసారి పలు పనులు, అంటే థ్రెడ్లు, నడిపే) ప్రోగ్రాములకు పనికొచ్చే మెమరీ అలొకేటర్‌ను సీ భాషలో సొంతంగా రాస్తానంటోంది. బంధువులేమో అమీర్‌పేటలో ఫుల్‌స్టాక్ కోర్సులో చేర్చమంటున్నారు. ఏది మేలు?
- ఒక తండ్రి, పరకాల

జవాబు: రాయనివ్వండి. ప్రోగ్రాము అడిగినప్పుడల్లా మెమరీలో జాగా ఇచ్చి, పనయ్యాక వెనక్కి తీసుకునేదే అలొకేటర్. థ్రెడ్లు ఎక్కువై, అన్నిటికీ ఒకటే లాక్ (ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే లోపలికి వదిలే తాళం) పెడితే, ప్రాసెసర్‌లో ఎన్ని కోర్లున్నా అవి క్యూ కట్టాల్సిందే. 2000లో వచ్చిన హోర్డ్, 2005లో జేసన్ ఇవాన్స్ ఫ్రీబీఎస్డీ కోసం రాసిన జెమాలాక్ అనే అలొకేటర్లు ఈ చిక్కు విప్పడానికి పుట్టినవే. లినక్స్‌లో వాడే సీ లైబ్రరీ జీలిబ్‌సీలో ఒక్కో థ్రెడ్‌కు సొంత క్యాష్ (చేతికందే చిన్న నిల్వ) 2017లో గానీ రాలేదు.

ఇక అమ్మాయితోనే మాట్లాడతాను. జెమాలాక్‌ను మించాలని పంతం పెట్టుకోకమ్మా. ఒక థ్రెడ్ తీసుకున్న జాగాను ఇంకో థ్రెడ్ ఫ్రీ చేస్తే (వెనక్కి ఇచ్చేస్తే) అది ఎవరి దగ్గరికి చేరాలో ముందు తేల్చుకో. ఫ్రీ చేసిన థ్రెడ్డే తన దగ్గర అట్టిపెట్టుకుంటే, ఒకటి అడుగుతూ మరొకటి వదులుతూ ఉండే ప్రోగ్రాముల్లో మెమరీ వాడకం పెరుగుతూనే పోతుంది. సిస్టమ్స్ ఇంజినీర్లు ఇంటర్వ్యూ చేస్తే ఇక్కడే గుచ్చి గుచ్చి అడుగుతారు. మాలాక్ (జాగా ఇచ్చే ఫంక్షన్) లోపల డీబగ్గింగ్ కోసం ప్రింట్ఎఫ్ (తెరపై రాసే ఫంక్షన్) పెట్టకు. అది తన బఫర్ కోసం మళ్లీ మాలాక్‌నే పిలుస్తుంది, ప్రోగ్రాము కుప్పకూలవచ్చు, లేదా కదలకుండా ఆగిపోవచ్చు. దాని బదులు నేరుగా రైట్ సిస్టమ్ కాల్ వాడుకో. రెండు థ్రెడ్ల డేటా ఒకే 64 బైట్ల క్యాష్ లైన్‌లో (ప్రాసెసర్ ఒక్కసారిగా తెచ్చుకునే ముక్కలో) పడితే వేగం ఎంత తగ్గుతుందో పెర్ఫ్ అనే కొలిచే టూల్‌తో చూసి రిపోర్టులో చూపించు. ఎల్‌డీ ప్రీలోడ్‌తో (ప్రోగ్రాముకు మన లైబ్రరీని ముందుగా తగిలించే పద్ధతితో) నీ లైబ్రరీ మీద ముందు ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్, తర్వాత కోడ్‌లో మాటలు వెతికే గిట్ గ్రెప్ నడిపి చూడు. గిట్ గ్రెప్ నిజంగానే చాలా థ్రెడ్లతో వెతుకుతుంది.

అయ్యా, వెబ్ ఉద్యోగాలున్నన్ని సిస్టమ్స్ ఉద్యోగాలు ఉండవు, ఆ మాట దాచను. కాబట్టి క్యాంపస్ సెలక్షన్ల కోసం ఆప్టిట్యూడ్, డేటా స్ట్రక్చర్స్ సాధన ఆపకూడదు. ఆపరేటింగ్ సిస్టమ్స్, కంప్యూటర్ ఆర్గనైజేషన్ గేట్ సిలబస్‌లోనివే. రేపు వరంగల్ ఎన్ఐటీలో ఎంటెక్ చేయాలనుకున్నా ఈ శ్రమ పనికొస్తుంది. ఫుల్‌స్టాక్ ఆ తర్వాతైనా నేర్చుకోవచ్చు. రెడీమేడ్ ప్రాజెక్టు కొనడం మాత్రం వద్దు. ఆపరేటింగ్ సిస్టమ్స్ చెప్పే సారునో మేడమ్‌నో గైడ్‌గా ఉండమని ఇప్పుడే అడగమనండి. టాపిక్ ఖరారయ్యాక గైడ్‌ను మార్చుకోవడం కష్టం.