పెట్టెలో చీకటి ఉండాలిరా చిన్నోడా

చిరంజీవి చిన్నోడికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు ఆమదాలవలస నుంచి ఫోన్‌లో పంపిన రికార్డింగ్ రెండుసార్లు విన్నాను. జముకుల కథ చెప్పే ఆవిడ గొంతు బంగారంరా. కానీ ఏడుపు ఘట్టంలో గొంతు దించితే మాట వినబడదు, ఆ వెంటనే ఎత్తుకుంటే స్పీకరు చిరిగిపోతుందేమో అనిపించింది. గొంతు హెచ్చుతగ్గుల్ని సర్దే కంప్రెసర్ పెట్టె సొంతంగా చేసుకుంటానన్నావు కదా, చేసుకో. కొత్తది కొనుక్కోమని నేను అనను. కానీ నువ్వు పంపిన ఆ సర్క్యూట్ బొమ్మ పక్కన పెట్టెయ్. మొదటిసారి చేసేవాడికి అన్ని ఐసీలు (చిప్పులు) వద్దు.

అసలు కంప్రెసర్ ఏం చేస్తుందో చెబుతాను. మైకుసెట్టు నడిపిన రోజుల్లో ఊళ్లో కథ పెట్టించారంటే, తెల్లవార్లూ నా చెయ్యి వాల్యూమ్ నాబ్ మీదే ఉండేది. కళ్లు మాత్రం కథ చెప్పే మనిషి ఛాతీ మీద. ఊపిరి గట్టిగా లాగితే గొంతెత్తబోతోందని అర్థం, నాబ్ కాస్త వెనక్కి తిప్పేవాణ్ణి. గొంతు దిగితే మెల్లగా ముందుకి. నువ్వు చెయ్యబోయే పెట్టె కూడా అంతే, ఆ చెయ్యే. కాకపోతే నేను ఊపిరి చూసి ముందే తగ్గించేవాణ్ణి, అది చప్పుడు విన్నాకే తగ్గిస్తుంది. అందుకే ఎంత వేగంగా పట్టుకుంటుంది, ఎంత నిదానంగా వదులుతుంది అన్న దాని మీదే దాని గుణమంతా ఉంటుంది.

కంప్రెసర్లు చాలా రకాలు. 1960ల్లో వచ్చిన ఎల్‌ఏ-2ఏ అనే అమెరికా పెట్టె పేరు వినే ఉంటావు, గొంతు రికార్డ్ చేసేవాళ్లు ఇప్పటికీ దాని కోసం ప్రాణం పెడతారు. లోపల ఒక వెలుగు పలక, దానికి ఎదురుగా వెలుగు పడితే రెసిస్టెన్స్ తగ్గే ముక్క. పాట పెరిగితే వెలుగు పెరుగుతుంది, సిగ్నల్ తగ్గుతుంది. పట్టుకోవడానికి 10 మిల్లీసెకన్లు. వదిలేటప్పుడు సగం 60 మిల్లీసెకన్లలో వదిలేసి, మిగతా సగానికి ఒకటి నుంచి 15 సెకన్ల దాకా తీసుకుంటుంది. ఎక్కువసేపు నొక్కి ఉంచితే ఇంకా నిదానంగా వదులుతుంది. మనిషి చెయ్యి కూడా అంతే కదా! మనకు ఆ వెలుగు పలక దొరకదు. బదులుగా ఒక ఎల్‌ఈడీ దీపం, దానికి ఎదురుగా వెలుగు పడితే రెసిస్టెన్స్ తగ్గే ఎల్‌డీఆర్ ముక్క చాలు. అచ్చం దానిలా పాడదు గానీ గుణం అదే.

ఈ రెండింటి జత చెయ్యడమే అసలు పని, తొందరపడకు. 5 మిల్లీమీటర్ల ఆకుపచ్చ ఎల్‌ఈడీ తీసుకో. ఎర్రదీ పనిచేస్తుంది కానీ, ఎల్‌డీఆర్‌కి ఆకుపచ్చే బాగా కనబడుతుంది. ఎల్‌ఈడీ గుండ్రటి నెత్తిని సన్న గరుకు కాగితం మీద చదునుగా రుద్దు. లోపలి తీగ దాకా రుద్దావంటే పోయినట్టే, ఆగి ఆగి చూసుకో. దాన్ని 5528 రకం ఎల్‌డీఆర్ మొహానికి ఆనించి నల్ల హీట్ ష్రింక్ స్లీవులో దూర్చు. సూపర్ గ్లూ మాత్రం వాడకు, దాని ఆవిరికి మొహాల మీద తెల్లపొర కడుతుంది. లైటరు మంట స్లీవుకి తగలకూడదు, అంగుళం దూరంలో తిప్పుతూ ఉండు, అదే ముడుచుకుంటుంది. పైన ఇంకో స్లీవు, రెండు కొసలకూ నల్ల టేపు. ఇప్పుడు ఎల్‌డీఆర్ కాళ్లకి ఓమ్‌లు కొలిచే మీటరు పెట్టి పది సెకన్లు ఆగు. మెగా ఓమ్ దాటిందా, సరే. 9 వోల్టుల బ్యాటరీకి 1 కే (వెయ్యి ఓమ్‌ల) రెసిస్టర్ కలిపి ఎల్‌ఈడీ వెలిగిస్తే మీటరు దబ్బున కొన్ని వందల ఓమ్‌లకో, వెయ్యి దగ్గరికో పడాలి.

టేపు గురించి ఇంతలా ఎందుకు చెబుతున్నానంటే, నేను మొదట చేసిన పెట్టె పగలు ఒకలా, రాత్రి ఒకలా పాడేది. పగలు గొంతు నీరసంగా, రాత్రి నిండుగా. ఐసీ పోయిందని రెండుసార్లు మార్చాను, కొట్టువాడు నకిలీవి అంటగట్టాడని తిట్టుకున్నాను కూడా. మూడో రోజు సాయంత్రం మూత తీసి పని చేస్తుంటే మీ పెద్దమ్మ వచ్చి కిటికీ తలుపు వేసింది. గొంతు ఒక్కసారిగా పెరిగింది! స్లీవు కొసలోంచి కిటికీ వెలుగు లోపలికి పోతోంది, అంతే. పాపం ఆ కొట్టువాడు.

ఇక సర్క్యూట్. మిక్సర్ లైన్ అవుట్ నుంచి వచ్చే సిగ్నల్ ముందు రెండు ఆంప్లిఫయర్లున్న టీఎల్ 072 ఐసీలో ఒక సగానికి వెళ్లాలి, బఫర్‌గా, అంటే సిగ్నల్‌ని బలం తగ్గకుండా దాటించే మెట్టుగా. మైకు నేరుగా తగిలించకు, దాని మిల్లీవోల్టులు దీనికి చాలవు. బఫర్ నుంచి 47 కే రెసిస్టర్, దాని కొస నుంచి భూమికి (సర్క్యూట్ గ్రౌండ్‌కి) ఎల్‌డీఆర్. చీకట్లో ఎల్‌డీఆర్ మెగా ఓమ్ కాబట్టి సిగ్నల్ దాదాపు అంతా దాటిపోతుంది. అది 10 కే కి పడితే సిగ్నల్ 15 డీబీ (డెసిబెల్లు) తగ్గుతుంది. ఆ కొసనే టీఎల్ 072 రెండో సగం చదివి, పోయిన గెయిన్ (సిగ్నల్ పెంపు) తిరిగి ఇస్తుంది. 

ఎల్‌ఈడీని వెలిగించే దారి వేరు. అవుట్‌పుట్ నుంచి ఒక వాల్యూమ్ పాట్, ఎన్‌ఈ 5532 అనే ఇంకో ఐసీతో గెయిన్, అక్కణ్ణుంచి 1 కే రెసిస్టర్, తర్వాత నాలుగు 1ఎన్ 4148 డయోడ్ల బ్రిడ్జి, మధ్యలో ఎల్‌ఈడీ. ఎల్‌ఈడీకి 2 వోల్టులు, దారిలో రెండు డయోడ్లకు ఇంకో 1.2 కావాలి. అంటే 3 వోల్టులు దాటేదాకా ఎల్‌ఈడీ కళ్లు తెరవదు. నీ థ్రెషోల్డ్, అంటే కంప్రెసర్ పని మొదలుపెట్టే హద్దు, అదే, దానికి వేరే సర్క్యూట్ అక్కర్లేదు. సిగ్నల్‌ని ఇన్‌పుట్ నుంచి కాకుండా అవుట్‌పుట్ నుంచే తీసుకో. ఏ రెండు ఎల్‌డీఆర్లూ ఒకేలా ఉండవు, కానీ తన పనిని తానే వింటూ ఉంటే ఆ తేడా చాలావరకు సర్దుకుంటుంది.

నీ రికార్డింగ్‌లో ఇంకో చిక్కు ఉంది. జముకు వాద్యం గుమ్మన్నప్పుడల్లా ఎల్‌ఈడీ వెలిగి ఆవిడ గొంతు కుంగుతుంది. దానికి మందు, వాల్యూమ్ పాట్ నుంచి 5532కి వెళ్లే దారిలో 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్, దాని తర్వాత భూమికి 100 కే రెసిస్టర్. 160 హెర్ట్జ్ కింద ఉన్న గుమ్ము ఎల్‌ఈడీ దాకా అంతగా చేరదు. రికార్డింగ్‌లో మాత్రం అలాగే ఉంటుంది. ఈ చిన్న కెపాసిటర్ మానేసి తర్వాత నాకు ఫోన్ చెయ్యకు.

పవర్ సప్లై 15-0-15 ట్రాన్స్‌ఫార్మర్‌తో 7815 (ప్లస్ 15 వోల్టుల రెగ్యులేటర్), 7915 (మైనస్ 15ది) పెట్టి చెయ్యి. ఫిల్టర్ కెపాసిటర్లు 35 వోల్టులవే, ఎటు ప్లస్సో ఎటు మైనస్సో రెండుసార్లు చూసుకో. ఈ రెండు రెగ్యులేటర్ల కాళ్లు ఒకలా ఉండవు. అక్షరాలు నీ వైపు పెట్టి ఎడమ నుంచి చూస్తే 7815కి ఇన్‌పుట్, భూమి, అవుట్‌పుట్. 7915కి భూమి, ఇన్‌పుట్, అవుట్‌పుట్. రెండింటినీ ఒకే అల్యూమినియం రేకుకి బిగించి నేను ఒక ట్రాన్స్‌ఫార్మర్ కాల్చుకున్నాను. 7815 వీపు భూమి, 7915 వీపేమో మైనస్ ఇన్‌పుట్. మధ్యలో మైకా ముక్క, స్క్రూకి ప్లాస్టిక్ వాషర్ లేకపోతే షార్టే. 230 వోల్టులు వచ్చే చోట ఫ్యూజు, ఇనప పెట్టెకి ఎర్త్ తప్పకుండా పెట్టు. మూత తీసేముందు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ పీకు. ఇది మాత్రం పెదనాన్న మాటగా కాదు, మీ అమ్మ మాటగా విను.

భూమి తీగలన్నీ ఫిల్టర్ కెపాసిటర్ల మధ్య ఉన్న ఒక్క చోటికే రావాలి. గొలుసులా ఒకదాన్నించి ఇంకోదానికి లాక్కుపోతే గుంయ్‌మనే హమ్ చప్పుడు పట్టుకుంటుంది, దాన్ని వెతకడానికి వారం పడుతుంది.

అయ్యాక పరీక్ష. ఫోన్‌లో 200 హెర్ట్జ్ టోన్ పెట్టు. వెయ్యి పెట్టకు, చవక మీటర్లు 50 హెర్ట్జ్ కరెంటు కొలవడానికే చేసినవి, పైకి వెళ్లేకొద్దీ అబద్ధాలు చెబుతాయి. ఎల్‌ఈడీ దారిలో పాట్ పూర్తిగా దించి అవుట్‌పుట్ 0.4 వోల్టులు ఉందనుకో, పాట్ పెంచుతూ 0.2కి వస్తే 6 డీబీ తగ్గించినట్టు. టోన్ చిన్నదైతే 5532 గెయిన్ పెంచుకోవాల్సి రావచ్చు. గొంతుకి 4 నుంచి 6 డీబీ దాటనివ్వకు. కంప్రెసర్‌ని తప్పించి వినడానికి బైపాస్ స్విచ్ పెట్టు, కానీ వినేటప్పుడు రెండు వైపులా ఒకే పెద్దగా ఉండేట్టు గెయిన్ సరిచేసుకో. పెద్దగా వినబడేదే బాగున్నట్టు అనిపిస్తుంది, నా చెవి కూడా చాలాసార్లు మోసపోయింది.

వీలుంటే రెండో ఛానెల్‌లో కంప్రెసర్ లేని గొంతు కూడా ఎక్కించుకో. ఒకసారి నలిగిన గొంతుని మళ్లీ సాపు చెయ్యలేం. ఆవిడకి మాత్రం మైకు దగ్గర వెనక్కి జరగమని చెప్పకు, కథలో ఉన్న మనిషిని కదిలించకూడదు.

ఎల్‌డీఆర్లు పది, మైకా ముక్కలు నాలుగు అగ్గిపెట్టెలో వేసి ఉంచాను. శనివారం మీ బాబాయి విజయనగరం వస్తాడట, అతని చేత పంపుతాను. స్లీవు మాత్రం నువ్వే కొనుక్కో, నా దగ్గర ఎర్రదే మిగిలింది.

ఇట్లు,
పెదనాన్న