వైరల్ లోడ్ 'నాట్ డిటెక్టెడ్', ఎలైజా మాత్రం 'రియాక్టివ్': ఏ రిపోర్టు నమ్మాలి?

హెచ్‌ఐవీకి మందులు వాడుతున్నారు, రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే వైరల్ లోడ్ పరీక్షలో 'టార్గెట్ నాట్ డిటెక్టెడ్' అని వచ్చింది, ఆ ధైర్యంతో వేరే ల్యాబ్‌లో ఎలైజా అనే రక్తపరీక్ష చేయిస్తే 'రియాక్టివ్', అంటే పాజిటివ్ లాంటిదే, అన్నారు. ఎవరు తప్పు చేశారని మీ ప్రశ్న. ఎవరూ చేయలేదు. నేను వైరాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. ఈ రెండు కిట్లతోనూ పనిచేశాను, ఇదే సందేహంతో మాకు ఫోన్లు వస్తూనే ఉంటాయి.

ఎలైజా ముఖ్యంగా వెతికేది వైరస్ మీద మన ఒళ్ళు తయారుచేసుకున్న యాంటీబాడీలను. నాలుగో తరం కిట్ వాటితో పాటు పి24 అనే వైరస్ ప్రోటీన్‌ను కూడా పట్టుకుంటుంది కాబట్టి, కొత్తగా సోకినప్పుడు కాస్త ముందుగా బయటపడుతుంది. యాంటీబాడీలు ఒకసారి వచ్చాక మామూలుగా ఉండిపోతాయి. మందులు వైరస్‌ను అణిచేస్తాయి గానీ వాటిని చెరిపేయవు. నిర్ధారణ అయిపోయి మందుల మీద ఉన్నవాళ్ళు మళ్ళీ ఎలైజా చేయించుకోవడం, నా దృష్టిలో, ఉత్త టెన్షన్ కొనుక్కోవడమే.

వైరల్ లోడ్ కిట్ అలా కాదు. ప్లాస్మాలోని (రక్తకణాలు తీసేశాక మిగిలే ద్రవంలోని) వైరస్ జన్యు పదార్థమైన ఆర్‌ఎన్‌ఏను పీసీఆర్ పద్ధతిలో పెంచి, మిల్లీలీటరుకు ఎన్ని కాపీలున్నాయో లెక్కిస్తుంది. చాలా కిట్లు నమ్మకంగా లెక్కపెట్టగలిగే కనీస సంఖ్య 20 నుంచి 50 కాపీలు, అంతకంటే తక్కువైతే లెక్కకు అందదు. '20 కంటే తక్కువ, డిటెక్టెడ్' అంటే జాడ కనిపించింది, లెక్కకు అందలేదని. 'నాట్ డిటెక్టెడ్' అంటే ఆ శాంపిల్‌లో జాడ కూడా దొరకలేదని. అంతేగానీ ఒంట్లో వైరస్ లేదని కాదు. అది సీడీ4 అనే రోగనిరోధక కణాల్లో కొన్నింటిలో దాక్కుని ఉంటుంది. రిపోర్టు చూసి మందులు మానేస్తే సాధారణంగా కొన్ని వారాల్లోనే మళ్ళీ లేస్తుంది. నాకు భయం వేసేది ఇక్కడే, ఎలైజా రిపోర్టు దగ్గర కాదు.

ఇంకో మాట. పోయినసారి 'నాట్ డిటెక్టెడ్', ఈసారి 38 అని వస్తే కంగారు పడేవాళ్ళున్నారు. ఒకే రక్తాన్ని రెండుసార్లు పరీక్షించినా అంకె అటూఇటూ అవుతుంది. సుమారు మూడు రెట్లకు మించి తేడా వస్తేనే నిజమైన మార్పుగా చూస్తారు. అది కూడా లెక్కకు బాగా అందే అంకెల్లో. అడుగున ఉన్న చిన్న అంకెలకు ఆ లెక్క పెద్దగా పనికిరాదు. శాంపిల్ సంగతీ ఉంది: రక్తం తీశాక ప్లాస్మాను వేళకు వేరు చేయకపోతే అంకె నమ్మదగ్గదిగా ఉండదు. అలాగే, ఫలితం ముందే తెలిసిన కంట్రోల్ శాంపిల్స్ సరిగ్గా రాకపోతే, వాటితో కలిపి ఎన్ని శాంపిల్స్ పెట్టినా ఆ రన్ (ఒకేసారి చేసిన పరీక్షలు) మొత్తం పక్కన పడేసి మళ్ళీ చేస్తాం. రిపోర్టు ఒకరోజు ఆలస్యమైతే మమ్మల్ని తిట్టుకునేవాళ్ళకి ఈ సంగతి తెలియదు పాపం.

భాగస్వామి గురించి కూడా అడిగారు. వైరల్ లోడ్ నిలకడగా 200 కాపీల లోపు ఉంటే శృంగారం ద్వారా సోకదని పెద్ద పెద్ద అధ్యయనాల్లో తేలింది. అయితే భాగస్వామి నెగెటివ్ అని తెలుసుకోవడానికి మీ వైరల్ లోడ్ రిపోర్టు పనికిరాదు. వారికి వేరేగా పరీక్ష చేయించండి, వారికి సరైన మొదటి పరీక్ష నాలుగో తరం ఎలైజానే. మీరు మాత్రం ఏ ల్యాబ్‌కి వెళ్ళినా ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అణిచే) మందుల మీద ఉన్నానని ముందే చెప్పి, డాక్టర్ రాసిన వైరల్ లోడ్ పరీక్షే అడగండి.